విమానాల హోరు కింద అరుపుల పాట

శంషాబాద్: రాత్రి రెండు దాటింది. విమానాశ్రయంలో డ్యూటీ దిగిన కుర్రవాడు ఇల్లు చేరాడు. మూత పెట్టి ఉంచిన అన్నంలోంచి నాలుగు ముద్దలు తిని, మంచం మీద వాలి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. నిద్రలో అది పక్కకు జారింది. ఇక చీకట్లో ఒకటే శబ్దం. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు డ్రమ్ములు, తేనెతుట్టె కదిలినట్టు గిటార్లు, వాటి వెనకాల ఎక్కడో పాడుబావిలో పడ్డ మనిషి పెట్టినట్టు కేక. తల్లి ఉలిక్కిపడి లేచింది.

"ఏందిరా అది? ఫోన్ల ఎవర్నన్న కొడుతున్నరా?"

"పాటమ్మా. పండుకో."

"గిది పాటనా?"

ఇది ఏ ఇంట్లో జరిగిందని అడగనక్కరలేదు. ఈ తరహా సంగీతం వినేవారు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. చాలా ఊళ్ళలో ఒక్కరూ ఉండరు. ఉన్న ఇంట మాత్రం మొదటి ప్రశ్న ఇదే. శంషాబాద్ కానివ్వండి, నార్వే దేశం కానివ్వండి, తల్లి అడిగే మాటలో తేడా లేదు. ఇది పాటేనా? అయితే వినేవాడికి అందులో వినిపిస్తున్నదేమిటి? వినని వాళ్ళు భయపడవలసింది దేనికి?

దీనిని ‘అట్మాస్ఫెరిక్ బ్లాక్ మెటల్’ అంటారు. నోరు తిరగని పేరే. మెటల్ అంటే ఇక్కడ ఇనుము కాదు. కరెంటు గిటార్లతో హోరెత్తించే పాశ్చాత్య సంగీతంలో అదొక శాఖ. ఆ శాఖలో నల్లకొమ్మ బ్లాక్ మెటల్. ఇంగ్లండుకు చెందిన ‘వెనమ్’ అనే బృందం 1982లో వెలువరించిన రికార్డు పేరే తరువాత ఆ కొమ్మకంతటికీ పేరయింది. అడవి, మంచు, ముసురు, ఒంటరితనం వంటి వాటిని వాద్యాలతోనే కళ్ళకు కట్టించాలని చూసే బృందాలు అందులో వేరు పడ్డాయి. వాటి ధోరణినే అట్మాస్ఫెరిక్ అంటున్నారు. పల్లవి, రెండు చరణాలు, మూడు నాలుగు నిమిషాల్లో ముగింపు అనే సినిమా లెక్క ఇక్కడ పనికిరాదు. పాట పది నిమిషాలు సాగుతుంది, పదిహేను నిమిషాలూ సాగుతుంది.

డ్రమ్ము వాయించేవాడు రెండు చేతులకూ రెండు కాళ్ళకూ తెరిపి ఇవ్వడు. దెబ్బలు నిమిషానికి 200 దాటిపోతాయి. గిటారు తీగను కిందికీ పైకీ ఎడతెగకుండా మీటుతూనే ఉంటారు. దూది ఏకే విల్లు మోత విన్న పాత తరం వారికి ఆ నాదం వెంటనే పట్టుబడుతుంది. ఇక గాయకుడు పాడడు, అరుస్తాడు. అలా గొంతు చించుకుంటే మనిషి బతుకుతాడా అని అనుమానం వస్తుంది. అయితే అలవాటుపడ్డ గాయకులు అసలు స్వరతంత్రుల మీద భారం వేయకుండా, వాటికి పైన ఉండే కండర మడతలను కదిలించి ఆ ధ్వని పుట్టిస్తారు. తెలియకుండా అనుకరించబోయే కుర్రవాళ్ళకు మాత్రం మర్నాటికి గొంతు పోతుంది.

<b>పుట్టింట రాజుకున్న నిప్పు</b>

అనుమానపడ్డ తల్లిని తప్పు పట్టడానికి లేదు. ఈ సంగీతం బలపడింది 1990ల తొలి ఏళ్ళలో నార్వేలో. అక్కడి యువకుల్లో కొందరు ముఖాలకు నలుపు తెలుపు రంగులు పూసుకుని, క్రైస్తవ మతం మీద కత్తిగట్టి, మాటలతో ఆగక చేతల్లోకి దిగారు. 1992 జూన్‌లో బెర్గెన్ పట్టణం దగ్గర ఫాంటాఫ్ట్ అనే ప్రాచీనమైన చెక్క చర్చి కాలి బూడిదయింది. మరికొన్ని చర్చీలకూ అదే గతి పట్టింది. ‘బుర్జుమ్’ అనే పేరుతో ఒంటరిగా రికార్డులు చేసిన వార్గ్ వికర్నెస్ 1993 ఆగస్టులో తోటి సంగీతకారుణ్ణి పొడిచి చంపాడు. హత్యా నేరంతో పాటు చర్చీలు తగులబెట్టిన నేరాలు కూడా రుజువై, 1994లో అతనికి ఆ దేశపు చట్టంలోని గరిష్ఠ శిక్ష 21 ఏళ్ళు పడింది.

అదే మనిషి 1993లో రికార్డు చేయగా 1996లో వెలువడిన ‘ఫిలోసోఫెమ్’ ఈ అట్మాస్ఫెరిక్ ధోరణికి మూలస్తంభాల్లో ఒకటిగా లెక్కకు వస్తున్నది. స్టూడియోలో ఉన్నవాటిలోకెల్లా నాసిరకం మైకు కావాలని అడిగి తీసుకుని, దాని ముందు అరిచాడట. వింటే పంచాయతీ ఆఫీసు మీది పాత గొట్టం మైకులోంచి వచ్చినట్టే ఉంటుంది. అందులో 25 నిమిషాల పాటు కీబోర్డు మీద కొద్దిపాటి స్వరాలే తిరిగి తిరిగి వచ్చే ఘట్టం ఒకటి ఉంది. పాట బాగుంటే చేసినవాడి పాపం మాఫీ అవుతుందా అన్న తగవు వినేవాళ్ళలో 30 ఏళ్ళుగా నలుగుతూనే ఉంది. కొందరు ఆ రికార్డు ముట్టరు. కొందరు విని, ఆ సంగతి బయటకు చెప్పుకోరు. ఆ పాత పైత్యం, జాతి ద్వేషం వదలని బృందాలు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. కొడుకు ఏమి వింటున్నాడో ఆరా తీయదలచిన తండ్రి అడగవలసింది ‘ఈ అరుపులేమిటి’ అని కాదు, ‘ఈ బృందం వాళ్ళెవరు’ అని.

ఎందుకంటే సముద్రం దాటేసరికి ఈ సంగీతం మనసు మారింది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం ఒలింపియా ప్రాంతానికి చెందిన అన్నదమ్ములు ‘వుల్వ్స్ ఇన్ ది థ్రోన్ రూమ్’ అనే బృందం పెట్టి, వ్యవసాయ క్షేత్రంలో కాపురముంటూ, తమ చుట్టూ ఉన్న వాన అడవుల మీద రికార్డులు చేశారు. 2007 నాటి ‘టూ హంటర్స్’ వాటిలో పేరున్నది. మన సింగరేణి వారికి దగ్గరి చుట్టంలాంటి రికార్డు మరొకటి ఉంది. ‘పనోప్టికాన్’ పేరుతో ఆస్టిన్ లన్ అనే అతను 2012లో తెచ్చిన ‘కెంటకీ’. కెంటకీ రాష్ట్రంలోని బొగ్గుగని కార్మికుల కష్టాలు, సమ్మెలు, కంపెనీలు కొండలను కూల్చిన తీరు అందులోని వస్తువు. అరుపుల మధ్యలో అక్కడి పల్లె వాద్యమైన బాంజో మోగుతుంది. 1931లో హార్లన్ కౌంటీ గనుల పోరాట కాలాన ఫ్లారెన్స్ రీస్ అనే గని కార్మికుడి భార్య కట్టిన పాటను కూడా అతను అందులో చేర్చాడు. దెయ్యాల సంగీతమని వెక్కిరింతకు గురైన పద్ధతిలోనే ఒకడు కార్మికుల గోడు వినిపించాడు. మెటల్ అంటే గిట్టనివారు బాంజో కోసం విన్నారు. బాంజో అంటే నవ్వేవారు అరుపుల కోసం విన్నారు.

<b>గులాబి అట్ట మీద గొడవ</b>

కొత్త రికార్డు రాగానే వినేవాళ్ళు రెండు జట్లుగా చీలడం ఈ సంగీతంలో ఆనవాయితీ. అందరికంటే పెద్ద గొడవ శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ‘డెఫ్‌హెవెన్’ బృందం తెచ్చిపెట్టింది. 2013లో వారి ‘సన్‌బాదర్’ వచ్చింది. నల్ల అట్టకు అలవాటుపడ్డవారి చేతికి గులాబి రంగు అట్ట! పైగా ఆ కుర్రవాళ్ళు జులపాలు లేకుండా, ముఖాలకు రంగుల్లేకుండా, ఆఫీసు గుమాస్తాల్లాగా కనిపించారు. అరుపు అరుపుగానే ఉంది గాని దాని కింద గిటార్లు వెన్నెల కాసినట్టు కరిగాయి. పత్రికల విమర్శకులు ఆ ఏటి మేటి రికార్డుల్లో దానిని ముందు వరుసలో నిలిపారు. మడి కట్టుకున్న పాతకాపులు ‘ఇది మా సంగీతం కాదు పొమ్మ’న్నారు. అంతవరకు మెటల్ వాసన సోకనివాళ్ళు వేలకొద్దీ వచ్చి చేరారు.

2021లో అదే బృందం ‘ఇన్ఫినిట్ గ్రానైట్’ అనే రికార్డులో అరుపులు దాదాపు మానేసి మామూలుగా పాడింది. ఈసారి అలిగింది కొత్తగా చేరిన జట్టు. అరిస్తే ఒకరికి కోపం, అరవకపోతే ఒకరికి కోపం. చివరకు 2025 మార్చి 28న విడుదలైన ‘లోన్లీ పీపుల్ విత్ పవర్’లో అరుపు తిరిగి వచ్చింది. అధికారం ఉండీ ఒంటరిగా మిగిలిన మనుషులు అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. తప్పిపోయిన ఎద్దు కొట్టానికి చేరినంత సంబరం పడ్డవారు కొందరు. ఆ నాలుగేళ్ళ మెత్తదనం కూడా ఇందులో అక్కడక్కడ మిగిలి ఉండటమే దీని బలం అన్నవారు కొందరు. మనకు ఇది తెలియని తగవేమీ కాదు. బోనాల పాటకు డీజే పెట్టెలు కట్టిననాడు, ఒగ్గుకథకు కీబోర్డు తెచ్చిననాడు ఊళ్ళో పెద్దలూ పిల్లలూ పడ్డ కీచులాట ఇటువంటిదే.

మన తెలుగువాళ్ళలో ఇటువంటి సంగీతం చేసేవాళ్ళు లేరా అంటే, దీనికి అన్నదమ్ముల వరస అయిన బృందాలు ఉన్నాయి. హైదరాబాద్‌కు చెందిన ‘గాడ్‌లెస్’ డెత్ మెటల్ బృందం. 2016లో, 2018లో చిన్న రికార్డులు వెలువరించి, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అనే పూర్తి స్థాయి ఆల్బం తెచ్చింది. విశాఖపట్నంలో ‘అగెనెస్ట్ ఈవిల్’ ఉంది. వారిది పాతకాలపు హెవీ మెటల్. అరుపు తక్కువ, రాగం ఎక్కువ. వారి తొలి పూర్తి ఆల్బం ‘ఆల్ హెయిల్ ది కింగ్’ 2018లో వచ్చింది. ఇద్దరి పాటలూ ఇంగ్లీషులోనే. తెలుగులో కేక పెట్టి పాడితే ఎట్లుంటుందో చెవులారా వినాలని ఎవరికైనా ఉంటే అది న్యాయమైన కోరికే.

<b>మన చెవికి కొత్తా?</b>

శంషాబాద్ చెవికి హోరు కొత్త కాదు. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారాయి. సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయం. ఏటా 2 కోట్లకు పైగా ప్రయాణికులు. రాత్రి పగలు అనే భేదం లేదు. మొదటి రోజుల్లో విమానం తల మీదుగా పోతుంటే చేసే పని ఆపి చూసేవారు, ఇంట్లో గిన్నెలు కదిలాయని చెప్పుకునేవారు. ఇప్పుడు కొత్తగా వచ్చిన చుట్టం ఉలిక్కిపడితే గాని, విమానం పోయిన సంగతి ఇంటివారికి తెలియదు. చెవి అలవాటుపడే తీరు అది. మెటల్ వినేవారు చెప్పేదీ అదే. మొదటిసారి అంతా రొద. నాలుగోసారికి రొద వెనక్కి తగ్గి, అందులోంచి సన్నని రాగం ఒకటి పైకి తేలుతుంది. ముసురు పట్టిన రాత్రి వాన చప్పుడులో ఏదో పాట వినిపిస్తున్నట్టు తోచడం పల్లెటూరి వాళ్ళకు ఎరుకే గదా.

ఆ మాటకొస్తే భయం గొలిపే సంగీతం మనకు మాత్రం లేదా? పీర్ల పండుగ రాత్రి అలావా చుట్టూ తిరుగుతూ ‘అసోయ్ దూలా’ అని కేక వేసే గుంపును, డప్పులను, నిప్పులను ఏ నార్వేవాడో మొదటిసారి చూస్తే ఏమనుకుంటాడు? ఒంటికి పసుపు, నుదుట కుంకుమ, చేతిలో కొరడాతో ఊగిపోయే పోతురాజును చూసి పట్నం పిల్లలే తల్లి కొంగు పట్టుకుంటారు. అది భక్తి అనీ, శోకమనీ, మొక్కు అనీ మనకు తెలుసు కనుక భయం లేదు. తెడా ఒక్కటే. మనది పదిమందిలో జరిగేది, చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ ఉండేది. ఇది ఒక్కడే, తలుపు వేసుకుని, చెవులు మూసుకుని వినేది. తల్లికి గుబులు కలిగించేది అరుపు కాదు, ఆ మూసిన తలుపు.

ఈ గుబులుకు శాస్త్రజ్ఞులు కొంతవరకు జవాబు వెతికారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రకటించిన పరిశోధనలో 18 నుంచి 34 ఏళ్ళ మధ్య వయసున్న 39 మంది ఇటువంటి సంగీత ప్రియులను కూర్చోబెట్టి, వారికి కోపం తెప్పించిన సంఘటనలను గుర్తు చేయించారు. తరువాత కొందరికి వారికి ఇష్టమైన పాటలు పెట్టారు, కొందరిని ఊరక ఉంచారు. పాటలు విన్నవారు రెచ్చిపోతారేమో అనుకుంటే, కోపం, చిరాకు తగ్గి తేరుకున్నారు. అయితే నిశ్శబ్దంగా కూర్చున్నవారు కూడా ఇంచుమించు అంతే శాంతించారన్నది మరచిపోరాదు. పాట విన్నవారికి అదనంగా కొంత ఉత్సాహం మిగిలింది. అదే దేశంలోని మెక్వారీ విశ్వవిద్యాలయం 2019లో 32 మంది డెత్ మెటల్ అభిమానులనూ, ఆ వాసన లేని 48 మందినీ పోల్చి చూసింది. హింసాత్మకమైన బొమ్మలు కళ్ళబడితే రెండు జట్ల మనసూ ఒకే తీరుగా ఉలిక్కిపడింది. అరుపులు విని విని అభిమానుల గుండె మొద్దుబారిందనడానికి అక్కడ ఆధారం దొరకలేదు. వందమందికి లోపు మనుషులతో చేసిన పరీక్షలివి. వీటితోనే తీర్పు చెప్పెయ్యడం తొందరపాటవుతుంది.

కొడుకు అన్నం మానేసినా, స్నేహితులను వదిలేసినా, నిద్రపట్టక తిరుగుతున్నా, బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడినా మాత్రం పాట సంగతి పక్కన పెట్టి పిల్లవాడి సంగతి చూడాలి. ఇందుకు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘టెలీ మానస్’ ఫోన్ నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

<b>అసలు ముప్పు చెవికే</b>

దెయ్యం సంగతి ఎట్లా ఉన్నా, చెవుడు సంగతి నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలే. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా వినదగిన కాలం సగానికి తగ్గిపోతుంది. లోకంలో 12 నుంచి 35 ఏళ్ళ వయసువారిలో 100 కోట్ల మందికి పైగా ఇలా వినికిడి పోగొట్టుకునే ముప్పులో ఉన్నారని 2022లో ఆ సంస్థ హెచ్చరించింది. విమానాశ్రయం పనివారికి ఇది మరింత వర్తిస్తుంది. ఎనిమిది గంటలు ఇంజన్ల దగ్గర పనిచేసి వచ్చి, బస్సు చప్పుడును మించాలని హెడ్‌ఫోన్ గొంతు పెంచితే, పగటి దెబ్బ మీద రాత్రి దెబ్బ పడుతుంది. డ్యూటీలో ఇచ్చే చెవి రక్షణ కవచాలను ఉక్కపోస్తున్నదని మెడకు వేలాడేసుకోవడం కూడా మంచిది కాదు.

ధ్వని సంగతి ఇక్కడ అధికారుల దాకా వెళ్ళిన సందర్భం కూడా ఉంది. విమానాశ్రయం దారిలోని జీఎంఆర్ అరీనాలో 2024 నవంబరు 15న పంజాబీ గాయకుడు దిల్జిత్ దోసాంజ్ కచేరీ జరిగింది. మద్యం, మాదకద్రవ్యాలు, హింసను పొగిడే పాటలు పాడరాదని, పిల్లలను వేదిక ఎక్కించరాదని కచేరీకి ముందే రంగారెడ్డి జిల్లా అధికారులు నోటీసు ఇచ్చారు. 120 డెసిబెల్స్ మించిన ధ్వని పిల్లల చెవులకు హానికరమని అందులో గుర్తు చేశారు. గాయకుడు కొన్ని మాటలు మార్చి పాడాడు. అందరి దృష్టీ మాటల మీదికే పోయింది, డెసిబెల్స్ సంగతి ఎవరికీ పట్టలేదు. బ్లాక్ మెటల్ కచేరీ అయితే మాటలు మార్చమని నోటీసు ఇవ్వడం కూడా కష్టమే. పాడేవాడు ఏమంటున్నాడో ముందు వరుసలో నిలబడ్డవాడికే తెలియదు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు నిషేధం. పెళ్ళి ఊరేగింపుల్లో డీజే పెట్టెలు ఈ నియమాన్ని ఎంతవరకు మన్నిస్తున్నాయో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ లెక్కన హెడ్‌ఫోన్‌లో వినే కుర్రవాడు ఇరుగుపొరుగుకు ఎంతో మేలు చేస్తున్నట్టే.

చేయి చాచినంత దూరంలో నిలబడ్డ మనిషి మామూలుగా పిలిస్తే వినబడనంత గట్టిగా పాట పెట్టరాదన్నది సులువైన కొలత. పాట ఆపిన తరువాత కూడా చెవిలో గుయ్‌మని మోత మిగిలి, తెల్లవారినా పోకపోతే అశ్రద్ధ చేయకుండా కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టి ఆసుపత్రిలో చూపించుకోవాలి. శంషాబాద్ నుంచి పట్నం పోయే బస్సెక్కితే పూటలో పని ముగించుకుని రావచ్చు.

మళ్ళీ ఆ రాత్రి దగ్గరికే వస్తే, తల్లికి ఇక నిద్ర పట్టలేదు. మంచం అంచున కూర్చుని, జారిన హెడ్‌ఫోన్ తీసి ఒక చెవికి ఆనించుకుంది. అర నిమిషం విన్నది. తల మీదుగా విమానం ఒకటి దిగిపోయింది.

"గట్లెందుకు మొత్తుకుంటున్నడురా పాపం?" అన్నది. "ఆనికి ఎవరన్న పోయిన్రా?"

కొడుకు కళ్ళు తెరిచాడు. జవాబు వెంటనే తోచలేదు. గొంతు కొంచెం తగ్గించి, హెడ్‌ఫోన్ రెండో చెవికి కూడా సర్ది, పాటను మొదటి నుంచి పెట్టాడు.